ద్రాక్ష కాటా దగ్గర నెవెన

నెవెన ఒకచోట కుదురుగా కూర్చోగా మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. కాఫీ కూడా నిలబడే తాగుతుంది, అదీ సగమే. బళ్ళో నా పక్కనే ఉండేది; పంతులమ్మ లెక్క పూర్తిగా చెప్పకముందే లేచి బోర్డు దగ్గరికి నడిచేది. ఒక్కోసారి జవాబు సరిపోయేది, ఒక్కోసారి నవ్వులపాలయ్యేది. పెద్దయ్యాక బట్టల ఫ్యాక్టరీలో చేరింది, మానేసింది. బస్సులో టికెట్లు కొట్టింది, మానేసింది. తాసెను పెళ్ళాడింది, కొన్నేళ్ళకు అతన్నీ వదిలేసింది. చెడిపోయిన కంప్యూటర్లు బాగుచేసే పని మాత్రం ఎందుకో వదల్లేదు. అడిగితే, "అవి నాకంటే మొండివే, అందుకే" అనేది.

వర్దార్ ఏటి ఒడ్డున ఉన్న మా సహకార సంఘంలో ద్రాక్ష తూచే కాటా ఉంది. ట్రాక్టరు ట్రాలీతో సహా ఇనప పలక మీదికి ఎక్కుతుంది. నేను పొడుగాటి గొట్టంతో కాస్త రసం లాగి తీపి ఎంతుందో చూస్తాను. బరువూ తీపీ కాటా గదిలోని కంప్యూటరుకు చేరాక చీటీ వస్తుంది. బరువు ఆ తెర మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఆ కంప్యూటరు పాతది, అందులోని రెండు హార్డ్ డిస్కులూ పాతవే. వేసవి మొదలైనప్పటి నుంచి పెద్ద డిస్కు టక్కు టక్కుమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. "అది ప్రాణం విడిచేలోపే మార్చేద్దాం" అని నెవెన పోరుతూనే ఉంది. మేనేజరు స్తోయన్ మాత్రం "చూద్దాం, చూద్దాం" అంటూ కోతల ముందురోజు దాకా లాగాడు.

ఆ ఆదివారం ఆమె వచ్చి పెద్ద డిస్కులో ఉన్నదంతా ఒక కొత్త డిస్కులోకి ఎక్కించింది. ఇకమీదట ఈ ఒక్కటే చాలంది. పాతవి రెండూ కారు డిక్కీలో పడేసి, పక్క ఊళ్ళో ఎవరిదో ప్రింటరు చూడాలంటూ వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున ట్రాక్టర్ల వరస వంతెన దాకా పెరిగింది. స్తోయన్ బటన్ నొక్కాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు ఒక్క వరస వచ్చి ఆగాయి: బూట్ చేయడానికి డిస్కు దొరకలేదట. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే.

స్తోయన్ ఫోన్ చేస్తే నెవెన ఇంటి చెప్పులతోనే కారేసుకుని వచ్చింది. వచ్చీ రాగానే మూత ఊడదీసింది. తీగలు పీకి గుచ్చింది. ర్యామ్ ముక్కలు తీసి, తుడిచి, తారుమారు చేసి పెట్టింది. సెట్టింగుల్లోకి వెళ్ళి, ఏ డిస్కుతో మొదలుపెట్టాలో ఆ క్రమం మార్చింది. అది పనిచేసిందో లేదో చూడకముందే కరెంటు తీగ మార్చింది. ఒకేసారి నాలుగు మార్చేస్తే ఏది పనికొచ్చిందో, ఏది చెడగొట్టిందో ఎలా తెలుస్తుంది? ఆ మాట అడగాలనుకున్నాను గాని, ఆమె మొహం చూసి నోరు మూసుకున్నాను.

"కొత్త డిస్కే పుచ్చుదై ఉంటుంది" అంది. దాన్ని తన ల్యాప్‌టాపుకు తగిలించి చూసింది. ఫైళ్ళన్నీ చక్కగా ఉన్నాయి. అది చూశాక ఆమెకు ఇంకా కంగారు పుట్టింది.

బయట ఎండ ముదిరింది. మొదటి ట్రాలీలో లెంక ముసలమ్మవి తెల్ల ద్రాక్షలు. అడుగున ఉన్నవి నలిగి, చెక్కల సందుల్లోంచి రసం కారుతోంది. కందిరీగలు ముసిరాయి. కొందరు ట్రాక్టర్లు తిప్పుకుని ఏటి అవతలి వ్యాపారి దగ్గరికి వెళ్ళిపోయారు.

"ఏమయ్యా స్తోయన్, తూస్తావా, లేకపోతే ఇక్కడే తొక్కి వైన్ చేసెయ్యమంటావా?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. స్తోయన్ నవ్వలేదు.

వరసలో మూడో ట్రాక్టరు తాసెది. కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

"మూత తీసేముందు ఒక్క నిమిషం ఆలోచించవే అని ఎన్నిసార్లు చెప్పాను నీకు!"

"నీ ట్రాక్టరు దగ్గరికి పో తాసె. ఇక్కడ నిన్నెవరూ పిలవలేదు."

"పిలిచుంటే నేను కూడా వచ్చేవాణ్ణి కాదులే" అన్నాడు గాని, కదల్లేదు.

ఇంతలో లెంక ముసలమ్మ లోపలికి వచ్చి ఉన్న ఒక్క కుర్చీలో కూలబడింది. ఆమెకు కంప్యూటరంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని అడిగింది:

"అమ్మాయ్, నిన్న వెళ్ళేముందు ఇది ఆడిందా?"

"ఆడింది అవ్వా. నా కళ్ళతో చూశాను."

"ఆడాక మరి ఏం చేశావ్?"

"ఏం చేస్తాను... ఆపేశాను. చిన్న డిస్కు పీకేశాను. మూత బిగించాను."

"పీకాక మళ్ళీ ఆడించి చూశావా?"

నెవెన చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. పొద్దున్నుంచి ఆ చేతులు ఆగడం అదే మొదటిసారి.

చూడలేదు. ప్రింటరు వాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, ఆ తొందరలో మళ్ళీ ఆడించి చూడలేదు. ఆమె కారు దగ్గరికి ఉరికింది. జాకీకీ స్పేరు టైరుకీ మధ్య పడి ఉన్న చిన్న డిస్కు తెచ్చి తగిలించింది. అది ఒకసారి మూలిగింది, గుయ్యిమని తిరగబోయి ఆగింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేసినా ఉలుకూ పలుకూ లేదు. గతుకుల రోడ్డు మీద జాకీ దెబ్బలు తిన్నది ఇంకేం బతుకుతుంది?

ఏదో సాకు చెబుతుందనుకున్నాను. నెవెన బయటికి వెళ్ళి, ట్రాక్టర్ల వాళ్ళందరికీ వినిపించేలా చెప్పింది.

"తప్పు నాది. మిషను పాడవలేదు, కొత్త డిస్కూ పాడవలేదు. ఇల్లంతా కొత్త చోటికి మార్చి, తాళంచెవి పాత ఇంట్లో వదిలేశాను. కంప్యూటరును లేపే ఫైళ్ళు ఎప్పటివో ఆ చిన్న డిస్కులో ఉండిపోయాయి. దాన్ని నేనే పీకాను, నేనే చంపాను. ఆ ఫైళ్ళు మళ్ళీ తయారు చెయ్యొచ్చు. దానికి విండోస్ ఎక్కించే పెన్ డ్రైవ్ కావాలి, అది మా ఇంట్లో ఉంది."

ట్రాక్టర్ల దగ్గర గోల మొదలైంది. స్తోయన్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. తాసె చెయ్యి చాపాడు.

"కారు తాళం ఇటివ్వు. ఈ కంగారులో నువ్వు నడిపితే కాలవలో పడతావ్."

"ఎక్కడుందో నీకు..."

"వంటింటి సొరుగులో, చెంచాల కింద. ఇంకెక్కడ పెడతావ్ నువ్వు?"

ఆమె తాళం అతని చేతిలో పెట్టింది.

అతను తిరిగొచ్చేదాకా ఆమె పడ్డ యాతన నేను చూశాను. గేటు దాకా వెళ్ళేది, వచ్చేది. మూసిన మూత మళ్ళీ తెరిచేది. లెంక కొంగు మూటలోంచి రొట్టె, తెల్ల జున్ను, కాల్చిన ఎర్ర మిరపకాయ తీసి ఆమె చేతిలో పెట్టింది. "తిను. నువ్వు నడిస్తే అతను తొందరగా వస్తాడా?" నెవెన రెండు ముక్కలు కొరికి మిగతాది కిటికీలో పెట్టి మళ్ళీ గేటు వైపు నడిచింది.

తాసె వచ్చాడు. ఈసారి ఆమె ఒక్కో పనే చేసింది, చేసే ప్రతిదీ పైకి చెబుతూ చేసింది, తనను తానే పట్టి ఉంచుకుంటున్నట్టు. పెన్ డ్రైవ్ నుంచి కంప్యూటరును లేపింది. కొత్త డిస్కులో ఓ చిన్న భాగం వేరుచేసింది. లేపే ఫైళ్ళు అందులోకి రాయించింది. పెన్ డ్రైవ్ తీసేసి బటన్ నొక్కింది. నల్ల తెర. చుక్కలు తిరిగాయి. కాటా తెర వచ్చింది, దాని మీద లెంక ట్రాలీ బరువు.

బయట హారన్లు మోగాయి. మొదటి చీటీ చూసి స్తోయన్ మళ్ళీ బేజారయ్యాడు. దాని మీద తారీఖు పదహారేళ్ళ కిందటిది. లోపలి బ్యాటరీ బిళ్ళ చచ్చిపోయిందనీ, తీగలు పీకేసరికి గడియారం మొదటికొచ్చిందనీ నెవెన చెప్పింది. నా చిన్న బ్యాటరీ తక్కెడలోని బిళ్ళ తీసి దానికి వేసి, తారీఖు సరిచేసింది.

"ఆ చీటీ నాకిచ్చెయ్ నాయనా" అంది లెంక. "ఆ తారీఖుకి మా ఆయన బతికే ఉన్నాడు."

స్తోయన్ ఆమెకు కొత్త చీటీతోపాటు పాతదీ ఇచ్చాడు. కారిపోయిన రసం మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు.

ఊరికి వెళ్ళొచ్చేసరికి తాసె చోటు పోయింది. వెనకవాళ్ళు ముందుకు జరిగిపోయారు. నెవెన వాళ్ళతో పోట్లాడబోతే అతనే ఆపి, ట్రాక్టరు వెనక్కి తిప్పి చివరన నిలబెట్టాడు.

వరస కదులుతున్నంతసేపూ ఆమె కంప్యూటరు పక్కనే నిలబడింది. "ఒక్కసారి ఆపి మళ్ళీ ఆన్ చేసి చూస్తా, రేపు లేస్తుందో లేదో" అనేది. స్తోయన్ బటన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. "ముట్టుకోకమ్మా, నీకో దండం!" అని కిటికీలోంచి రైతులు అరిచేవారు.

సూర్యుడు కొండ వెనక్కి వాలాక తాసె ట్రాలీ తూచాం. తీపి బాగా వచ్చింది, అతనికి చెప్పాను. అప్పుడు స్తోయన్ చెయ్యి తీశాడు. నెవెన కంప్యూటరు ఆపింది. ఆన్ చేసింది. లేచింది. కరెంటు తీగ కూడా పీకి, మళ్ళీ పెట్టి ఆన్ చేసింది. లేచింది.

"ఇంకోసారి" అంది.

"చెయ్యి" అన్నాడు తాసె, గుమ్మానికి ఆనుకుని. "నాకేం తొందరలేదు."