కల్వర్టుకూ చప్టాకూ నడుమ నల్లబురద

కరోనా మాస్కులు ముక్కు మీద నుంచి గడ్డం కిందికి దిగిన సంవత్సరం, ఆగస్టు మొదటి వారంలో, నన్ను మార్కాపురం ప్రాంతపు వాగులు, చెరువుల నీటి పరీక్షలకు వేశారు. హోదా సీనియర్ అనలిస్టు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. నా పరిధిలోకి వచ్చిన చోట్లలో ఒక పట్టణం ఉంది. దాని పేరు రాయను. ఆ ఊళ్లో మాకు వియ్యంకులున్నారు.

ఆ పట్టణం మురుగంతా ఒక వాగులో కలిసి గుండ్లకమ్మ వైపు పోతుంది. దాని మీద మేము నీళ్లు తీసే చోట్లు రెండు. ఒకటి, మురుగంతా కలిసిన తరువాత వచ్చే కల్వర్టు. రెండోది, అక్కడికి రెండు కిలోమీటర్ల దిగువన బండ్లు దాటే చప్టా. నెలకొకసారి కల్వర్టు దగ్గర జీపు దిగి, సీసాను ఆ నీటితోనే మూడుసార్లు కడిగి, నింపి, చీటీ అంటించి, ఐసు పెట్టెలో పెట్టేవాణ్ని. మళ్లీ జీపెక్కి రోడ్డున చుట్టుతిరిగి చప్టాకు పోయి అదే పని చేసేవాణ్ని.

నీళ్లు తీసిన చోటే నైట్రేటును కిట్టుతో ఒకసారి చూసుకుంటాం. గొట్టంలో నీళ్లు పోసి పొడి కలిపితే గులాబీ రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే నైట్రేటు అంత ఎక్కువ. తరువాత ల్యాబులో ఖాయం చేస్తాం. కల్వర్టు నీళ్లు ఎప్పుడూ బీట్‌రూటు ఉడికించిన నీళ్లలా వచ్చేవి. చప్టా నీళ్లు మాత్రం బీట్‌రూటును ఊరికే చూపించి పక్కన పెట్టినట్లుండేవి. ఎందుకని నేను ఆలోచించలేదు. అంకెలు రాసి, సంతకం చేసి పైకి పంపేవాణ్ని.

ఏడాదిన్నర ఇలా గడిచాక మాకు కొత్త ప్రాంతీయ అధికారి వచ్చారు. వయసులో నాకంటే పాతికేళ్లు చిన్న, చదువులో పెద్ద. వచ్చిన నెలలోనే నా రిపోర్టులన్నీ పక్కపక్కన పెట్టి చూసి మెమో పంపారు. మంచినీళ్లేవీ కలవకుండానే రెండు కిలోమీటర్లలో నైట్రేటు తగ్గిపోయినందున, రెండవ నమూనాను చప్టా వద్ద గాక వేరొక చోట నింపినట్లు ఎందుకు భావించరాదో ఏడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలసినదని దాని సారాంశం. మామూలు తెలుగులో చెప్పాలంటే, రెండో సీసా మా ఇంటి కుళాయి కింద పట్టానని. మా ఇంటి కుళాయి మూడు రోజులకొకసారి వచ్చేది. దానికంత శక్తి లేదు.

నాకు కోపం వస్తే ముందు కళ్లద్దాలు తుడుస్తాను. ఆ రోజు అద్దాలు అరిగిపోయేంత తుడిచాను. ముప్పై ఏళ్ల సర్వీసులో నన్ను బద్ధకస్తుడన్నవారు ఉన్నారు, ముక్కోపి అన్నవారు ఉన్నారు, అబద్ధపు అంకె రాశాడన్నవారు లేరు. ఆ మాట సర్వీసు పుస్తకంలోకి ఎక్కితే దానితోనే రిటైరవ్వాలి. భయం కూడా వేసింది.

మరునాడు జీపు పంపేసి, కల్వర్టు నుంచి చప్టాకు వాగులోనే నడిచాను. ఏడాదిన్నరలో అదే మొదటిసారి. కొంతదూరం పోయేసరికి వాగు వెడల్పయింది. మనిషెత్తు జమ్ము గడ్డి, కింద మోకాలిలోతు నల్లబురద. అడుగు వేసినప్పుడల్లా బుడగలు వచ్చేవి. ఒక చెప్పును అక్కడే సమర్పించుకున్నాను. జమ్ములో మూడు గేదెలు పడుకొని నన్ను చూస్తున్నాయి. వాటి యజమాని చెన్నమ్మ గట్టున కర్ర పట్టుకొని నిలబడి ఉంది.

"ఏందన్నా, నెలనెలా సీసా ముంచుకోని పోతాంటివి, ఈ పొద్దు నువ్వే మునిగినావే," అంది.

నీళ్లు చూడటానికి వచ్చానన్నాను.

"చూసేదేముంది? ఆ పైన నీళ్లకు నా బర్రెగొడ్లు మూతి గూడ పెట్టవు. ఈ జమ్ములో పడి కిందికొచ్చినాక తాగుతాయి. ఇది నా పెండ్లయినప్పటి నుంచి అట్లనే."

బురదలో నిలబడి ఉండగానే నాకు చదువు గుర్తొచ్చింది. మనుషుల మూత్రం, పశువుల పేడ, పొలాల యూరియా, వీటిలోని నైట్రోజన్ గాలి తగిలి నైట్రేటుగా మారుతుంది. అదే నీరు నెమ్మదించి గాలి అందని బురదలోకి దిగితే, అక్కడి సూక్ష్మజీవులు నైట్రేటులోని ఆక్సిజన్‌ను లాక్కొని బతుకుతాయి. మిగిలిన నైట్రోజన్ వాయువై పైకి పోతుంది. మనం పీల్చే గాలిలో ఎక్కువ పాలు అదే, ఎవరికీ హాని లేదు. కుళ్లిన జమ్ము ఆ జీవులకు తిండి. నా కాళ్ల దగ్గరి బుడగల్లో మురుగు వాయువు కూడా ఉంటుంది. అన్నీ నైట్రోజనే అని రాస్తే, నేను అబద్ధం రాస్తానన్న మెమోలో మాట నిజమవుతుంది. ఇదంతా కాలేజీలో పరీక్షకు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే.

సంజాయిషీ నాలుగు పేజీలు రాశాను. అధికారి ఫోను చేసి, బురద తినేసిందని రాస్తే ఫైలు మీద తానేమని సంతకం పెట్టాలని అడిగారు. వచ్చే మంగళవారం తానే వచ్చి తన చేత్తో సీసాలు నింపుతానన్నారు. నాకు కావలసిందీ అదే. ఆ సంతోషంలో ఆ ఊరి శానిటరీ మేస్త్రీకి, పెద్ద సారు వాగు చూడటానికి వస్తున్నారని ఒక మాట చెప్పాను. అంత తెలివితక్కువ పని సర్వీసులో మరొకటి చేయలేదు.

మంగళవారం పోయి చూద్దుం కదా, జమ్ము లేదు, బురద లేదు. జేసీబీతో ఎత్తి గట్టున కుప్పలు పోశారు. రెండు గట్ల వెంబడి బ్లీచింగు పొడితో తెల్లగా గీతలు వేశారు. నీళ్లు పరుగెత్తుతున్నాయి. మేస్త్రీ చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"సారొస్తాండారని మూడు దినాల నుంచి ఇదే పని సార్. అద్దం మాదిరి చేసినాము. ఒక్క జమ్ము పుల్ల మిగల్చలేదు," అన్నాడు.

అధికారి కల్వర్టు దగ్గర ఒక సీసా, చప్టా దగ్గర ఒక సీసా స్వయంగా నింపారు. పొడి కలిపారు. రెండు గొట్టాలూ బీట్‌రూటే. ఆయన ఫారం తీశారు. పెన్ను అడిగారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అంతలో చప్టా దిగువ నుంచి చెన్నమ్మ వచ్చి మేస్త్రీని పట్టుకుంది.

"మడుగంతా ఎత్తుకపోతివి, నా గొడ్లు యాడ పండుకోవాల? ఇంకా కిందికి గూడ వస్తివే. గొడ్లను అడ్డం తోలినాను కాబట్టి నిలబడినావు, లేకుంటే అదీ మిగిలేది కాదు."

నాకు "కింద" అన్న మాట ఒక్కటే వినపడింది. చప్టా దిగువన అర కిలోమీటరు జమ్ము అట్లాగే ఉంది. సార్, ఇంకొక్క సీసా అన్నాను. ఆయన వాచీ చూసుకున్నారు, నా మొహం చూశారు, నడిచారు. ఆ జమ్ము దాటాక నింపిన నీళ్లకు పొడి కలిపితే రంగు తేలీతేలనట్లు వచ్చింది. నమ్మలేక, ఒడ్డున తీసిన నీళ్లు వద్దని వాగు నడుమకు దిగి మళ్లీ నింపారు. ఈసారీ అంతే. పైకి రాబోతే ఎడమ బూటు రాలేదు. చెన్నమ్మ కర్రతో పెకలించి ఇచ్చింది.

"బురద దీన్నీ తినేదేనండీ," అన్నారాయన. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

"నైట్రేటు అయితే తినేది సార్. తోలు దానికి పడదు," అన్నాను.

నమూనా ఫారంలో సాక్షి అనే గడి ఉంటుంది. మేస్త్రీ అప్పటికే కనిపించకుండా పోయాడు. అధికారి ఆ గడిలో చెన్నమ్మ పేరు రాసి, వేలిముద్రకు ఇంకుప్యాడు వెతుకుతుంటే, ఆమె పెన్ను లాక్కొని సంతకం చేసింది. వారం తరువాత మెమో ఉపసంహరించుకున్నట్లు ఒక్క వాక్యం వచ్చింది. జమ్మును కదిలించవద్దని ఆయన ఆ ఊరికి రాసిన ఉత్తరం మూడు పేజీలు.

ఇప్పుడు ఆలోచిస్తే మెమోలోని ప్రశ్నలో తప్పేమీ లేదు. ఏడాదిన్నర ముందే నన్ను నేను అడగవలసిన ప్రశ్న అది. రెండు చివర్లలో సీసాలు ముంచుకుంటూ, అసలు పని జరిగే చోటును జీపులో చుట్టుతిరిగి పోయాను. నీటి పరీక్ష చేసేవాడు సీసా నింపే ముందు వాగు వెంట నడవాలి. పై అధికారి వస్తున్నారని మాత్రం ఎవరికీ చెప్పకూడదు.