మత్తడి నీళ్లతో పందెం

నలభై దాటాక నాకు సైకిల్ పిచ్చి పట్టింది. చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని నాది. అక్కడ తోటి ఉద్యోగి ఒకాయన మోకాళ్ల నొప్పులు భరించలేక తన గేర్ల సైకిల్‌ను సగం ధరకు అమ్ముతుంటే, వెనకాముందు చూడకుండా కొనేశాను. అప్పటినుంచి సెలవు దొరికితే చాలు, ఇంట్లో నిలిచింది లేదు. బిగుతు లాగు, నెత్తిన టోపీ, హ్యాండిల్‌కు కట్టిన ఫోన్‌లో మ్యాపు. మా ఆవిడ మాత్రం గుమ్మంలో నిలబడి ఒకటే మాట అనేది.

"గా లాగుతోని చుట్టాలిండ్లకు పోకు. ఇజ్జత్ పోతది."

మా ఊరి నుంచి ఎటు తొక్కినా ఓ చెరువో ఓ గుట్టో తగులుతుంది. చెరువు కట్టల మీద పాటలు పాడుకుంటూ, గుట్టల మీద నన్ను నేనే తిట్టుకుంటూ తిరిగేవాణ్ణి. ఎక్కిన ప్రతి గుట్టనూ ఫోన్ లెక్క రాసుకునేది. ఆ జాబితా చూసుకుని మురిసిపోవడం నాకో జబ్బయింది.

మా బాపుకు కూడా ఓ సైకిల్ ఉంది. నల్లది, బరువుది, ఇంచుమించు నా వయసుది. డెబ్బైకి దగ్గరపడిన బాపు ఒకప్పుడు ఊరి నీరటి. చెరువు తూము తీసి మూయడం, ఎవరి మడికి ఎన్ని నీళ్లు పోవాలో చూడడం ఆయన పని. చెరువు ఎండి ఇంటింటికీ బోర్లు పడ్డాక ఆయన్ని అడిగేవాళ్లు లేకుండా పోయారు.

మాది గొలుసుకట్టులో మొదటి చెరువు. అది నిండితే అలుగు మీంచి, మా మాటలో మత్తడి మీంచి పొర్లి, వాగు పట్టుకుని రెండో చెరువుకు పోతుంది. రెండోది నిండితే మూడోదానికి. అట్లా ఐదోది మా మేనత్త ఊళ్లో ఉంది. ఆమె బాపుకు అక్క. ఆమెకు సంబంధం చూసినప్పుడు మా తాత ఇల్లూ పొలమూ అడగలేదట, "మన నీళ్లు పోయే ఊరేనా?" అని మాత్రం అడిగాడట. నాలుగో చెరువు మత్తడి దుంకిన రోజున మా ఇంటి మనిషి నీళ్లకంటే ముందు పోయి ఆమెకు కబురు చెప్పాలి. అప్పుడామె చెంబూ కుంకుమా పట్టుకుని పుట్టింటి నీళ్లకు ఎదురు పోతుంది. తాత నడిచి పోయేవాడు, తర్వాత బాపు సైకిల్ మీద పోయాడు. ఆఖరుసారి ఆ నల్ల సైకిల్ ముందు కడ్డీ మీద నేనూ కూర్చున్నాను. ఆ తర్వాత ఐదో చెరువుకు నీళ్లు పోనేలేదు.

రాష్ట్రం వచ్చాక చెరువుల్లో పూడిక తీశారు. ఒక ఏడాది వానలు కూడా మనసుపెట్టి కురిశాయి. బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం నాలుగో చెరువు దగ్గరి బెస్తాయన, బాపు పాత దోస్తు, ఫోన్ చేశాడు. "జానెడే తక్కువున్నదే. పొద్దుగాల దుంకుతది!"

బాపు ఫోన్ పెట్టేసి నేరుగా గాలిపంపు దగ్గరికి నడిచాడు.

"అత్తకు ఫోన్ చేస్తే అయిపాయె గద," అన్నాను.

"ఆడబిడ్డకు నీళ్ల కబురు ఫోన్ల చెప్తరా? ఫోన్ ముట్టినవంటే నీ సంగతి చెప్త."

"పోనీ బండి మీద దిగబెడ్త."

"అప్పుడు సైకిల్ మీదనే పోయిన, ఇప్పుడు గూడ గట్లనే పోత. వస్తే రా, లేకుంటే పండు."

తెల్లవారకముందే బయలుదేరాం. నీళ్లు పోయే దారి కదా, చాలామటుకు దిగుడే. తొక్కకుండానే చక్రాలు ఉరుకుతున్నాయి. నేను గేర్లు మార్చి ముందుకు పోతే, బాపు ధోతి పైకి దోపి గంట మోగిస్తూ నన్ను దాటిపోయాడు. రెండో చెరువు కట్ట మీద తంగేడు పూలు తెంపుతున్న ఆడవాళ్లు అడిగారు. "పొద్దుగాల్నే ఎటువే, మామా?"

"అక్కకు నీళ్లు చెప్పనీకి పోతున్న!"

అడగనివాళ్లకు కూడా చెప్పాడు. మేకలకాడి ముసలమ్మకు, పాలబండి ఆయనకు, కరెంటు స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు తల పైకెత్తి మరీ చెప్పాడు. మూడో చెరువు దగ్గర చాయ్ హోటల్ నడిపే సాయిబు అడ్డం వచ్చి గ్లాసు చేతిలో పెట్టాడు. "జర ఆగు కాకా, చాయ్ తాగి పో."

"నీళ్లు ఆగుతయా?" అన్నాడు బాపు. అయినా ఒక కాలు పెడల్ మీదే ఉంచి, ఊదుకుంటూ తాగేశాడు.

నాలుగో చెరువు చేరేసరికి నీళ్లు మత్తడి రాయి అంచున నిలబడి ఉన్నాయి. బెస్తాయన, బాపు, నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఒకచోట రాయి తడిసింది. ఆ తడి కాస్త పాకి, చటుక్కున కిందికి జారింది. ఆపైన ఈ కొస నుంచి ఆ కొస దాకా నీళ్లు దుంకాయి. బెస్తాయన ఈల వేశాడు. బాపు గంతులేశాడు. నేను నా వయసూ, నా లాగూ మరిచిపోయి ఇద్దరినీ పట్టుకుని ఎగిరాను. అంత సంతోషం నాకు జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు.

అక్కడినుంచి అత్త ఊరికి రెండు దారులు. ఒకటి వాగు వెంబడి పోయే బండ్లబాట. రెండోది గుట్ట మీంచి పోయే తారురోడ్డు. బాపు బండ్లబాట వైపు తిప్పాడు.

"బురదల దిగబడ్తం బాపూ. గుట్ట మీదికెళ్లి పోదాం. వాగు ఎండిపోయి ఉండె, నీళ్లు ఇంకుకుంట ఇంకుకుంట నిదానంగ వస్తయి," అన్నాను.

బురద సంగతి నిజమే. కానీ ఆ గుట్ట నా జాబితాలో లేదన్నది ఇంకా పెద్ద నిజం. బాపు ఒక్క క్షణం ఆగి, "రోజు తొక్కెటోనివి, నీకెరుక," అని నా వెనక వచ్చాడు.

గేర్ల పుణ్యమా అని ముందుగా పైకి చేరాను. బాపు సైకిల్ నెట్టుకుంటూ వస్తుంటే నేను ఫోటోలు తీసుకున్నాను, పండిన సీతాఫలం ఒకటి తెంపుకుని తిన్నాను. దూరంగా భువనగిరి ఖిల్లా గుండు మంచులో కనిపిస్తోంది. ఒగరుస్తూ వచ్చిన బాపు ఖిల్లా వైపు చూడలేదు, కింద వాగు వైపు చూశాడు.

"అరే, గది చూడు."

వాగులో నీళ్లు తళతళమంటున్నాయి. మేము దాటాల్సిన మలుపును అవి అప్పటికే దాటి, తాటిచెట్ల పక్కనుంచి అత్త ఊరి దిక్కు పోతున్నాయి.

"నీళ్లు గుట్ట ఎక్కవు బిడ్డా," అన్నాడు బాపు మెల్లగా. ఒక్కటి కొట్టినా బాగుండేది. చేతిలోని పండు పారేశాను, సిగ్గుతో ఆయన మొహం చూడలేకపోయాను.

నేను నోరు తెరిచేలోగా ఆయన సైకిల్ ఎక్కి దిగుడులోకి వదిలేశాడు. ఆ బ్రేకుల సంగతి తెలిసినవాణ్ణి, "బాపూ!" అని అరుస్తూ వెంటపడ్డాను. ఆయన రెండు కాళ్లూ పెడళ్ల మీంచి తీసి బారజాపాడు. ధోతి ఊడి జెండాలా ఎగురుతోంది. "జరుగుండ్రి, జరుగుండ్రి!" అని కేకలు. మేకలు చెల్లాచెదురయ్యాయి, ట్రాక్టరు ఒకటి దారి వదిలి పత్తిచేనులోకి దిగింది. మలుపులో పడ్డాడే అనుకున్నాను. పడలేదు, నవ్వుతున్నాడు! భయంతో మొదలైన నా కేకలు ఎప్పుడు నవ్వులయ్యాయో నాకు తెలియదు.

దిగాక రొప్పుతూ తొక్కాం. ఊరి ముందు కల్వర్టు మీద చీలమండ లోతున నీళ్లు పారుతున్నాయి. మేము ఓడిపోయాం. సైకిళ్లు నెట్టుకుంటూ దాటాం. బాపు నవ్వు ఆ నీళ్లలోనే పోయింది.

చెరువు కట్ట మీద ఊరంతా నిలబడి నీళ్ల వైపు చూస్తోంది. ఒక్క మనిషి మాత్రం చెరువుకు వీపు పెట్టి, మేము వచ్చే దారి వైపు తిరిగి కూర్చుంది. మా అత్త. పక్కన నిలబడ్డ ఆమె కోడలు బాపును చూడగానే మొత్తుకుంది.

"పొద్దటిసంది గిట్లనే కూసున్నది, మామా. నాలుగో చెరువు దుంకిందని ఊరందరికి ఫోన్లొచ్చినయ్. నీళ్లు గూడ వచ్చినయ్. తిరిగి చూడమంటే చూడది!"

బాపు తల దించుకున్నాడు. "లేటయింది అక్కా. నీళ్లే ముందొచ్చినయ్."

"ఏ నీళ్లు?" అంది అత్త. ఆమె వెనక చెరువులో నీళ్లు పడుతున్న చప్పుడు మాకే చెవులు నిండేలా ఉంది. "నేనైతే చూడలే. నువ్వు చెప్పకముందు నాకు నీళ్లెక్కడివి తమ్మీ? చెప్పు."

బాపు ధోతి సర్దుకున్నాడు, రుమాలు తలకు చుట్టుకున్నాడు. "అక్కా, మనింటి నీళ్లు బయలెల్లినయ్. చెంబు తీస్కో."

చెంబు ఆమె ఒళ్లోనే ఉంది. లేవబోయి మళ్లీ చతికిలబడింది.

"కాళ్లు తిమ్మిరెక్కినయ్. ఏం జూస్తుండ్రు, లేపుండ్రి!" అని, నన్ను ఎగాదిగా చూసి, "గా లాగేందిరా నీది?" అంది.

నేనొక రెక్క, బాపు ఒక రెక్క పట్టుకుని లేపి, ఆమెను నీళ్ల వైపు తిప్పాం.