ఆమె పలకని పేరు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది, సూర్యాపేటలోని సర్కారు చౌక దుకాణంలో జొన్నలు కొలిచేవాణ్ణి. ఒక కూలీ ఇల్లాలు, మంచాన పడ్డ భర్త కార్డు తెచ్చింది. అందులో పేరు నా కళ్ల ముందే ఉంది. అయినా వరుసలో నిలబడ్డవారిని నవ్వించాలని, "నీ మొగని పేరు చెప్తేనే గింజలు" అన్నాను.

"మొగని పేరు నోటితోని ఎట్లంటనయ్యా? ఆయనకు గంజి కాయనీకి గింజ లేదు, జర కొలువుండ్రి."

"చెప్పకుంటే ఇగ పో!"

అందరూ నవ్వారు. ఆమె ఖాళీ సంచితో వెళ్లిపోయింది.

పదిహేను రోజుల తరువాత గాజుల్లేని చేతులతో వచ్చింది. నేనడగకముందే, "ఎల్లయ్య. ఇగ పొయ్యిండు. పిల్లలకన్న కొలువుండ్రి" అంది.

నా భార్య కూడా ఏనాడూ నా పేరు పలకలేదు. ఆ ఆచారం తెలిసే ఆ కూలీ ఇల్లాలిని అడిగాను.