జగ్గయ్యపేటలో తలూపిన మధ్యాహ్నం

ఉదయం ఏడున్నరకు విజయవాడ బస్టాండులో జగ్గయ్యపేట బస్సెక్కాను. మా విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదివిన షబానాకు హైదరాబాద్‌లో ఒక న్యూస్ ఛానెల్‌లో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. వాళ్ల నాన్న వద్దంటున్నారు. "మీరొచ్చి చెబితే వింటారేమో సార్" అని ఫోన్‌లో ఏడ్చింది. పాఠాలు చెప్పడానికి రాకముందు నేను చాలా ఏళ్లు టీవీ న్యూస్ ప్రొడ్యూసర్‌ని. ఎందరో మొండిఘటాల చేత మాట్లాడించినవాణ్ణి, ఇదెంత పని అనుకున్నాను.

కంచికచర్ల దాటాక కునుకు పట్టింది. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు కళ్లు తెరిస్తే ఎర్రగా, మూస్తే ఇంకా ఎర్రగా కనిపించాయి. ఏది కలో ఏది కిటికీయో తేలలేదు. ఉన్నట్టుండి బస్సంతా దగ్గింది.

"కాయ ఘాటండీ, అద్దం మూసెయ్యండి. ఈ దారికి కొత్తా?" అని పక్కసీటు పెద్దావిడ నవ్వింది. మిరప కోతల రోజుల్లో ఇటు వచ్చేవారు జేబురుమాలు చేతిలోనే ఉంచుకోవడం మేలు.

నందిగామలో బస్సు కాసేపు ఆగితే దిగి ఇడ్లీ తిన్నాను. షబానా అక్కడే ఎక్కింది. నాన్నతో మాటల్లేక పిన్ని ఇంట్లో ఉంటోంది. "నువ్వేం మాట్లాడకు, నేను చూసుకుంటా" అన్నాను.

జగ్గయ్యపేటలో వాళ్లిల్లు బస్టాండుకు నడిచేంత దూరం. షబానా నాన్న మస్తాన్ గారు జీవితమంతా లారీ తోలి, నడుం నొప్పితో ఈమధ్యే మానేశారు. ముందు భోజనం, తర్వాతే మాట అన్నారు. బగారా అన్నం, కోడికూర. తిన్నాక వేపచెట్టు కింద ముగ్గురికీ కుర్చీలు వేశారు. చల్లటి నీడ, నిండిన కడుపు, ఎక్కడో హైవే మీద లారీల మోత. కళ్లు వాలిపోతున్నాయి.

"గరికపాడు చెక్‌పోస్టు దాటితే ఇల్లొచ్చేసినట్టే సార్ నాకు. తీరా వచ్చేసరికి ఇది నిద్రపోయి ఉండేది. ఇది లేచేసరికి నేను మళ్లీ బండి మీద. ఇప్పటికి ఇంటిపట్టున కూర్చున్నా, ఇదేమో పోతానంటోంది. రాత్రి డ్యూటీలంట! రాత్రులు రోడ్ల మీద నేను చూసినయ్యి చాలండి. వద్దంటే తప్పా?"

ఆయన చెప్పినంతసేపూ నేను తలూపుతూనే ఉన్నాను. టీవీలో మాకదే అలవాటు. ఎదుటి మనిషి మాట్లాడేటప్పుడు మన గొంతు కలిస్తే రికార్డింగ్ పాడవుతుంది. అందుకని ఊఁ కూడా అనకుండా తల మాత్రం ఆడిస్తాం.

"విన్నావా? సార్ కూడా వద్దనే అంటున్నారు. రానని ఫోన్ చేసి చెప్పెయ్" అన్నారాయన కూతురితో.

షబానా నావైపు చూసిన చూపుకు మత్తంతా దిగిపోయింది. "అయ్యో, ఒప్పుకుని కాదండీ, అది మా టీవీవాళ్ల అలవాటు" అని సంగతి చెప్పాను. ఆయన మొహం ముడుచుకుంది.

"అయితే ఇంతసేపూ నేను గోడతో మాట్లాడానా?"

"లేదండీ, ప్రతి మాటా విన్నాను. మీ బాధ నిజం. అయినా పంపించమనే అడుగుతున్నాను. ఈ పని కోసమే పుట్టిన పిల్ల."

ఆయన కుర్చీలోంచి లేచారు. షబానాను ఇంట్లోనే ఉంచి, నాతో బస్టాండుదాకా వచ్చి, నన్ను కిటికీ సీటు చూసి కూర్చోబెట్టి వెళ్లిపోయారు.

తిరుగు ప్రయాణంలో నందిగామ చేరేసరికి పొద్దు వాలింది. చేలమీద ఎర్రటి వెలుగు. ఇంత అందమైన దారిలో ఒక పిల్ల బతుకు చెడగొట్టి వెళుతున్నానే అని దిగులుగా ఉంది. అప్పుడు ఫోన్ మోగింది.

"సార్, మస్తాన్నండి. ఆ ఛానెల్‌కి దగ్గర్లో ఆడపిల్లల హాస్టలు మంచిది ఉందా? రాత్రిపూట వాళ్లే కారిచ్చి దింపుతారా? ఒంటరిగా పడుకోటం దీనికి అలవాటు లేదండి... సార్? లైన్లో ఉన్నారా?"

చూసుకుంటే, ఫోన్ చెవిన పెట్టుకుని నాలో నేనే తలూపుతున్నాను.

"ఉన్నానండీ, చెప్పండి" అన్నాను.

ఆయన కూతురి గురించి చెబుతూనే ఉన్నారు. కంచికచర్ల వెళ్లిపోయింది, చీకటి పడింది. బస్సులోవాళ్లు తిరిగి చూస్తున్నా సరే, ప్రతి మాటకూ గట్టిగా ఊఁ కొట్టాను.