ఇద్దరు మాల్టా ఓటర్లు, ఒక లాంచీ

2003, ఫిబ్రవరి నెలాఖరు. అప్పుడు నేను కాకినాడలో ఒక షిప్పింగ్ ఏజెన్సీలో బోర్డింగ్ క్లర్కుని. పాత రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకి రావు. దూరంగా లంగరేసుకుంటే సరుకు బార్జీల మీద వెళ్తుంది, ఓడ కాగితాల పని మీద మేం లాంచీలో వెళ్తాం.

బియ్యం కోసం వచ్చిన ఒక ఓడలో మాల్టా దేశస్థులు ఇద్దరున్నారు: చీఫ్ ఇంజనీర్ జో, వంటాయన కార్మెనూ. యూరప్ దేశాల ఆర్థిక కూటమిలో చేరాలా వద్దా అని మార్చిలో వాళ్ళ దేశంలో రెఫరెండం, అంటే దేశమంతా ఓటేసి తేల్చుకోవడం. ఓటెయ్యాలంటే మనిషి మాల్టాలో ఉండాల్సిందే. జో చేరదామంటాడు. చేరితే మునిగిపోతామంటాడు కార్మెనూ. భోజనాల దగ్గర రోజూ కోడిపందేలే.

జోకి సైన్ ఆఫ్ వచ్చింది, అంటే ఓడ దిగి ఇంటికెళ్ళే అనుమతి. ఆయన బదులు వచ్చిన ఇంజనీర్‌ని నేనే లాంచీలో తీసుకెళ్ళాను. కార్మెనూ బదులు ఎవరూ రాలేదు. పాపం, ముఖం మాడ్చుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"మీ పంట పండిందండీ," అన్నాను జోతో. "మీ ఓటు పడుద్ది, ఆయనది పడదు."

నవ్వుతాడనుకున్నాను. పెట్టె కింద పెట్టేసి, "ఆయన రాకపోతే నేనూ దిగను" అన్నాడు.

"అదేంటండీ! ఇద్దరూ ఆగినా, ఇద్దరూ వెళ్ళినా ఓటుకి ఓటు చెల్లు, లెక్క ఒకటేగా?"

"ఇద్దరం వెళ్తే ఎవరి మాట వాళ్ళు చెప్పినట్టు. నేనొక్కణ్ణే వెళ్తే ఆయన నోరు నొక్కి గెలిచినట్టు."

కెప్టెన్ తల పట్టుకున్నాడు. ఒకే ఓడలో ఇద్దరు చీఫ్‌లంటే ఒరలో రెండు కత్తులే! చివరికి వడ్డించే మనిషి గరిటె పట్టడానికి ఒప్పుకున్నాక సరేనన్నాడు. నేను ఇమిగ్రేషన్ ఆఫీసుకి పరుగెత్తి కార్మెనూ కాగితాలకీ ముద్ర వేయించుకొచ్చాను. లాంచీ ఒడ్డు చేరేదాకా ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ కీచులాట వింటుంటే వాళ్ళ మీద నాకెంత గౌరవం కలిగిందో చెప్పలేను.

చేరదామన్నవాళ్ళే గెలిచారని తర్వాత పేపర్లో చూశాను. కార్మెనూ ఓడిపోయాడు, కానీ ఓటేసి ఓడిపోయాడు.

పెద్దాపురం పక్కన మా ఊళ్ళో ఎన్నికలొస్తే మనవాళ్ళకే ఆటో పంపుతాం. అవతలి పక్షం ముసలాళ్ళు ఇంట్లో ఉండిపోతే లోలోపల సంబరం. ఆ తర్వాత వచ్చిన పంచాయతీ ఎన్నికల రోజున, కాలు విరిగి అరుగు మీద కూర్చున్న పక్కింటి సూరిబాబు బాబాయి ముందు నా స్కూటర్ ఆపాను.

"నా ఓటు మీవాళ్ళకి పడదని తెలుసు కదరా?" అన్నాడు అనుమానంగా.

"తెలుసు బాబాయ్. జాగ్రత్తగా ఎక్కండి."