పదమూడో ఎక్కం

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది కానీ దాన్ని వాడేవాళ్ళు లేరు. కేకల టీచరు అంటే చాలు, ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఆవిడ మూడో తరగతికి లెక్కలు చెబుతుంటే ఐదో తరగతి పిల్లలు కూడా జవాబులు రాసుకునేవారు. అంత గొంతు.

గొడవలు మొదలైన వారంలోనే బడి తగలబడింది. గంట కొట్టే ప్యూను వద్దని అడ్డం నిలబడితే, అతని చేతిలోని గంట సుత్తి లాక్కుని దాంతోనే తల పగలగొట్టారు. మెట్ల మీదే ప్రాణం పోయింది. పరిస్థితులు చక్కబడేదాకా సెలవులని ప్రకటించి పైవాళ్ళు చేతులు దులుపుకున్నారు. పరిస్థితులను చక్కబరిచే పని ఎవరిదో మాత్రం చెప్పలేదు.

కేకల టీచరు ఊరుకునే మనిషి కాదు. కరెంటు లేక మూతపడిన మరిది పిండిమర తాళం అడిగింది.

"నీకేమైనా పిచ్చా వదినా? షట్టరు ఎత్తితే నన్ను కూడా ఇందులోనే వేసి ఆడిస్తారు" అన్నాడు మరిది.

"సగమే ఎత్తుతాలే. నువ్వు సగమే నలుగుతావు" అందావిడ.

పలకలు బడితోపాటే బూడిదయ్యాయి. పిండి దుమ్ము పేరుకున్న రేకుల మీద పిల్లల చేత వేలితో రాయించింది. కొట్టుకు చస్తున్నవి ఎగువ వీధీ, దిగువ వీధీ. పిండిమర ఎగువ వీధిలో ఉంది. దిగువ వీధి పిల్లలు వెనక గోడ ఎక్కి, నిచ్చెన దిగి వచ్చేవారు. వచ్చిన మొదటి రోజే వాళ్ళలో వాళ్ళు "మీ వీధోళ్ళు", "మీ వీధోళ్ళు" అని జుట్లు పట్టుకున్నారు. టీచరు జుట్లు విడిపించి ఒక కట్టుబాటు పెట్టింది. ఈ గదిలో ఎవరు వీధి మాట ఎత్తినా, ఎవరు ఏ వీధని అడిగినా, చెప్పినా, లేచి నిలబడి పదమూడో ఎక్కం అప్పజెప్పాలి. అన్ని ఎక్కాల్లోకీ పిల్లల్ని ఏడిపించేది అదే. రెండు మూడు రోజులకే వీధి మాట నోట రావడం మానేసింది. ఎక్కువసార్లు నిలబడింది వెల్డరు కూతురు. దానికి నోరు ఆగదు. ఎప్పుడూ పదమూడు ఏళ్ళు తొంభై ఒకటి దగ్గరికి వచ్చి ఆగిపోయేది. పక్కన కూర్చునే దర్జీ కూతురు గుసగుసగా అందించబోతే టీచరు చెవి మెలిపెట్టేది. వెల్డరు ఎగువ వీధి, దర్జీ దిగువ వీధి.

ఇంకో అలవాటు కూడా చేసింది. బయట బాంబు పేలితే పిల్లలు బెదరకుండా అందరూ గొంతెత్తి పాఠం చదవాలి. ఆవిడ చేసిన పొరపాటు అదే. ఆ ఉదయం సందు మొగలో బాంబు పేలింది, పిల్లలంతా ఒక్కసారిగా గొంతెత్తారు. రోడ్డు మీద రాడ్లతో పోతున్న మూక ఆగింది.

షట్టరు పైకి లేచింది. ముందు వచ్చినవాడు వెల్డరే. చొక్కా నిండా నెత్తురు. అది అతనిది కాదు, అతని తమ్ముడిది. గంట క్రితం దిగువ వీధివాళ్ళు వాణ్ణి పొడిచి చంపి కాలవలో పడేశారు.

"ఇక్కడ ఆ వీధి పిల్లలెవరో చూపించు టీచరమ్మా. నీ జోలికి రాము."

"ఇక్కడ పిల్లలే ఉన్నారు. వీధుల్లేవు."

రాడ్డు ఆవిడ కుడి చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు పిల్లలందరికీ వినిపించింది. ఊరంతా వినిపించే గొంతు అప్పుడు కేక వెయ్యలేదు. రెండో దెబ్బ వీపు మీద పడితే మోకాళ్ళ మీద కూలింది. దర్జీ కూతురి వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే ఆ పిల్ల బతకదని ఆవిడకు తెలుసు.

వెల్డరు చూపు తన కూతురి మీద ఆగింది.

"నువ్వు చెప్పవే. ఆ వీధివాళ్ళెవరు ఇందులో?"

పిల్ల లేచి నిలబడింది.

"పదమూడు ఒకట్లు పదమూడు" అంది.

"ఏంటే?"

"పదమూడు రెళ్ళు ఇరవై ఆరు."

"మీ బాబాయిని పొడిచేశారే! నిన్ను భుజాన ఎక్కించుకు తిప్పిన బాబాయిని! చెప్పు!"

బాబాయి సంగతి దానికి అప్పుడే తెలిసింది. నోరు వంకర్లు తిరిగింది. కన్నీళ్ళు, చీమిడి ఏకమై కారుతుంటే "పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది" అంది.

చాచి కొట్టాడు. పిల్ల రేకు మీద పడింది. పన్ను ఊడి పిండిలో పడింది. లేచింది. "పదమూడు నాలుగులు యాభై రెండు." మళ్ళీ కొట్టాడు. ఈసారి లేచేటప్పటికి దానితోపాటు గదిలో పిల్లలందరూ లేచారు, రెండు వీధులవాళ్ళూ. ఐదులు, ఆర్లు అందరూ ఏడుస్తూ చెప్పారు. తొంభై ఒకటి దగ్గర వెల్డరు కూతురు ఆగింది. అది ఆగితే అందరూ ఆగారు.

వెల్డరు రాడ్డు ఎత్తాడు. ఎత్తినవాడు ఎవరి మీద వెయ్యాలో తెలియక నిలబడిపోయాడు.

"అన్నా, మా చిన్నది కూడా ఉందిక్కడ. పోదాం రా" అని వెనకనుంచి ఒకడు అతని చెయ్యి పట్టుకుని లాగాడు. పోతూ పోతూ మర మోటారు పగలగొట్టారు. దేన్నో ఒకదాన్ని పగలగొట్టనిదే వాళ్ళకు అడుగు పడదు మరి.

మర్నాడు టీచరు చేతికి బద్దలు కట్టించుకుని, ఎడమ చేత్తో షట్టరు ఎత్తింది. ఎవరూ రారనే అనుకుంది. వస్తే చూడలేనని భయపడింది కూడా. మెట్టు మీద వెల్డరు కూతురు కూర్చుని ఉంది. మూతి వాచిపోయి కన్ను సగమే తెరుచుకుంటోంది.

"మీ నాన్నకు తెలుసా?"

"నాన్న బాబాయి దగ్గర ఏడుస్తున్నాడు టీచర్. నేను నిన్న తొంభై ఒకటి దాకా వచ్చాను. మిగతాది ఇప్పుడు చెప్పనా?"

టీచరు తల ఊపింది.

పిల్ల చేతులు కట్టుకుని నిలబడింది. "పదమూడు ఎనిమిదులు..." అని ఎప్పటిలాగే నీళ్ళు నమిలింది.

"నూట నాలుగు" అంది వెనక గోడ మీదనుంచి ఒక గొంతు.

టీచరు గిరుక్కున తిరిగింది. ముఖం నిండా కన్నీళ్ళు. కేక మాత్రం వీధి చివరిదాకా వినిపించింది.

"అందిస్తే చెవి పిండుతానని చెప్పానా లేదా? ముందు దిగి లోపలికి రా!"