మైకు అక్కర్లేని మనిషి

హుకుంపేట దాటాక కొండవాలులో ఉన్న బాలికల కాలేజీలో ఆ రోజు ఇంటర్ రెండో ఏడాది వాళ్లకు వీడ్కోలు సభ. తోటి పిల్లలే ఓట్లు వేసి, ఒక్కొక్కరికీ ఒక్కో బిరుదు ఇచ్చి, అది రాసిన పట్టీ భుజాన వేస్తున్నారు. తన మాట మహా మెత్తనని వంతల బేబికి గట్టి నమ్మకం. ‘శాంతమూర్తి’ బిరుదు తనదేననుకుని జడలు సర్దుకుని కూర్చుంది.

“మైకు అక్కర్లేని మనిషి, వంతల బేబి,” అని వేదిక మీద మైకులో చదివింది తోటి విద్యార్థిని రమణి.

బేబికి ఉక్రోషం వచ్చింది. “నానెప్పుడు గట్టిగా మాటాడినానే?” అని అడిగింది. ముందు వరసలో కునుకు తీస్తున్న వార్డెన్ ఉలిక్కిపడి లేచి, “ప్రెజెంట్ సార్” అంది.

అంతలో కరెంటు పోయి మైకు ఆగిపోయింది. ఇంకా పదిహేను బిరుదులు మిగిలే ఉన్నాయి. ప్రిన్సిపాల్ రమణి దగ్గరున్న బిరుదుల కాగితం తెచ్చి బేబి చేతిలో పెట్టారు. బేబి మూతి ముడుచుకునే అందుకుని, తనకు చేతనైనంత మెత్తగా చదవసాగింది. నాలుగో పేరు పూర్తయ్యేసరికి, లోయకవతల తోటలో కాఫీ పండ్లు కోస్తున్న వాళ్లమ్మ గొంతు వినబడింది.

“బేబీ, బువ్వ తిన్నావేటే?”

హాలంతా పగలబడి నవ్వింది. బేబి కిటికీ వైపు తిరిగి, “తిన్నానమ్మా, మీటింగులో ఉన్నాను,” అని బదులిచ్చి ఐదో పేరు అందుకుంది.

సాయంత్రం ఆ బిరుదు పట్టీ తీయకుండానే ఊరంతా తిరిగింది.